తలుపు కనిపించే కుర్చీ

ఏళ్ళ తరబడి ఆస్పత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసిన చేతులు ఆమెవి. ఇప్పటికీ ఏ కాగితం ఇచ్చినా ముందు అరచేత్తో మడతలు సాపు చేసి గానీ చదవదు. సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్ళకు అండగా ఉండే సామాజిక కార్యకర్త కావాలని నలభై దాటాక డిగ్రీ చేసింది, ఆపైన రెండేళ్ళ పీజీ చేసింది, రెండుసార్లు తప్పిన లైసెన్సు పరీక్షను మూడోసారి గట్టెక్కింది. "అమ్మా, నీకు ఉద్యోగం వచ్చేసరికి నేను రిటైరైపోతానేమో," అని కూతురు ఆటపట్టించేది. లైసెన్సుకు ముందు పూర్తి చేయాల్సిన శిక్షణ గంటల్లో ఇక మిగిలింది ఒక మాజీ సైనికుడితో ఒక్క ముఖాముఖి. అది బాగా జరిగిందని శిక్షణాధికారి సంతకం పెడితేనే లైసెన్సు.

దానికి రావలసిన ఆ మాజీ సైనికుడు అంతకుముందు అదే గదిలో ముగ్గురు కౌన్సిలర్ల దగ్గర మధ్యలోనే లేచి వెళ్ళిపోయిన మనిషి. ఆయన రాకముందే ఆమె బల్లను పక్కకు ఈడ్చి, తలుపూ కిటికీ రెండూ కనిపించేలా ఆయన కుర్చీని గోడకు ఆనించింది.

"ఇది ఏ పుస్తకంలో ఉందమ్మా?" అన్నాడు మూలన కూర్చున్న శిక్షణాధికారి.

"మా నాన్న దగ్గర చూశాను సార్. సైన్యం నుంచి వచ్చాక ఆయన భోజనానికి కూర్చున్నా తలుపుకు వీపు పెట్టేవాడు కాదు."

మాజీ సైనికుడు వచ్చి గుమ్మంలోనే ఆగాడు. కిటికీ చూశాడు, కుర్చీ చూశాడు, వెళ్ళి కూర్చున్నాడు. "ఇన్నాళ్ళకు ఈ గదికి బుద్ధొచ్చింది," అన్నాడు. ఆమె నవ్వి ప్రశ్నల కాగితాన్ని బోర్లించింది. గంటన్నర సేపు ఆయనే మాట్లాడాడు. వెళ్తూ వెళ్తూ, "వచ్చే బుధవారం కూడా ఈ కుర్చీ నాకే ఉంచమ్మా," అన్నాడు.

శిక్షణాధికారి సంతకం పెట్టిన కాగితం చేతికిచ్చాడు. అందులో ఒక్క మడతా లేదు. అయినా ఆమె దాన్ని రెండుసార్లు అరచేత్తో నిమిరింది.