పది మెట్ల పరీక్ష

ఇయ్యాల మా చెల్లె శిరీషతోని ఊరి బయట ఉన్న ఝూలాల పార్కుకు పోయిన. చెల్లెకు చిన్నప్పుడే పోలియో వచ్చింది, ఎడమ కాలుకు క్యాలిపర్ పెట్టుకొని నడుస్తది. రోజూ సీతాఫల్‌మండి స్టేషన్ల మెట్లెక్కి దిగుకుంటనే ఆఫీసుకు పోతది.

గంటసేపు లైన్ల నిలబడ్డంక రోలర్ కోస్టర్ కాడ మా వంతు వచ్చింది. గేటు కాడున్నాయన నన్నడిగిండు: "మేడం, బండి నడుమ ఆగితే మెట్ల మీదికెళ్లి దిగాలె. ఈమె దిగుతదా?"

"నన్నడుగు అన్నా, కాలు నాది," అన్నది చెల్లె.

ఆయన జెర ఇబ్బంది పడ్డడు. "రూల్ మేడం, ఏమనుకోకున్రి. పక్కన పది మెట్లున్నయి, ఒక్కసారి ఎక్కి దిగి చూపియ్యాలె."

మా ముంగట ఆయాసపడుకుంట ఎక్కిన పెద్దాయనను మాత్రం ఎవ్వరూ ఏమీ అడగలే.

చెల్లె రెయిలింగ్ పట్టుకొని ఎక్కింది, దిగింది. లైనంతా చప్పట్లు కొట్టింది. ఆయన నవ్వుకుంట గేటు తెరిచిండు. చెల్లె లోపలికి పోలే.

"ఝూలా ఎక్కనీకి వచ్చిన అక్కా. ఇంతమంది ముంగట పరీక్ష పెట్టినంక ఇగ ఏం ఎక్కబుద్ధైతది? ఇంటికి పోదాం పా."

ఇంటికొచ్చి పార్కోళ్లకు గట్టిగ కంప్లయింట్ రాద్దామని కూసున్న. రూల్ అందరికీ ఒక్కతీరు ఉండాలె కదా, మీరే చెప్పున్రి. సగం రాసినంక చెయ్యి ఆగింది.

ఆ లైన్ల అందరికంటే ముందు చప్పట్లు షురూ చేసింది నేనే.