తుప్పు మీద కుంకుమ బొట్టు

ఈ రోజు శనివారం. మా వియ్యపురాలు పోయి నేటికి పదహారు రోజులు. ఆ గురువారం పొద్దున ఆరింటికి శిడ్లఘట్ట నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, అత్తమ్మ లెయ్యలేదు" అని మాత్రం అన్నది. నేను చింతామణి నుంచి మొదటి బస్సు పట్టుకుని వెళ్ళాను. ఆమె బల్ల మీద గ్లాసులో బ్రష్షు నానుతూనే ఉంది. నీళ్ళు ఇటుక రంగుకు తిరిగి ఉన్నాయి.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. మంగళవారం, పదమూడో రోజు వైకుంఠ సమారాధన అయ్యాక, భోజనం చేసి చేయి కడుక్కున్న బంధువు ఒకాయన ఆమె బల్ల వైపు చూసి, "తుప్పు పట్టిన ఇనుము ఇంట్లో ఉండకూడదమ్మా, ఎవురికన్నా ఇచ్చేయండి" అన్నాడు. "అది ఇనుము కాదప్పా, అట్టముక్క" అన్నాను. ఆయన నమ్మలేదు. మా అమ్మాయి వెంటనే, "ఇచ్చేది లేదులే. అన్నీ శుభ్రంగా తుడిచి, వార్నిష్ కొట్టించి, అద్దాల బీరువాలో పెడతా" అన్నది. ప్రేమతోనే అన్నది. అయినా ఆయన మాట కంటే ఆమె మాటకే నేను ఎక్కువ భయపడ్డాను.

మా వియ్యపురాలు పాడుబడిన యంత్రాల బొమ్మలు చేసేది. ఎండిపోయిన బావి గట్టున వదిలేసిన డీజిల్ ఇంజన్, చక్రాలు లేని ట్రాక్టర్, విరిగిన చెరకు గానుగ. అట్ట, తీగ, ప్లాస్టిక్ పలకలతో రెండు చేతుల్లో ఇమిడేంత చేసి, రంగులేసి, వాటికి ఏండ్ల తుప్పు పట్టించేది. అన్నీ కలిపి పదకొండు. పది పూర్తయ్యాయి. పదకొండోదాని గురించే నా బాధ.

ఆమె చదివింది ఏడో తరగతి. పట్టుగూళ్ళ నుంచి దారం తీసే ఇంటికి కోడలిగా వచ్చింది. మరుగుతున్న నీళ్ళ ముందు భర్త కూర్చుని గూళ్ళలోంచి దారాలు అందిస్తే, ఈమె పిడి పట్టుకుని చక్రం తిప్పేది. ఆయన పోయాక పని నిలిచిపోయింది. చక్రం పెరట్లో గోడవారన వానకు తడిసి, ఎండకు ఎండి, తుప్పు పట్టింది. ఆమె రోజూ దాన్ని చూసేది. చివరికి ఇంటికి ఒక గది పెంచాల్సి వచ్చి, మా అల్లుడు దాన్ని పాత ఇనుము బండికి వేశాడు. అమ్ముతున్నానని చెప్పే వేశాడు, ఆమె సరేనన్నది. ఒక్క ఫోటో కూడా తీసి పెట్టలేదు.

నేను ముప్పై ఏండ్లు లెక్కలు చెప్పిన టీచరును. మురికి కంటబడితే ఊరుకోలేను. ఒక ఆయుధ పూజకు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు కుట్టుమిషను, స్కూటరు, మిక్సీ అన్నీ కడిగించాను. అలమరలో మట్టిగొట్టుకుని ఉన్న చిన్న ఇంజన్ కనబడింది. తడిగుడ్డతో మూలమూలలా తుడిచి, విభూతి రాసి, కుంకుమ బొట్టు పెట్టి వరసలో నిలబెట్టాను. అది ఆమె నెల రోజుల పని అని నాకు తెలియదు. అప్పటివరకు మేము ఒకరినొకరు మీరు అని పిలుచుకునేవాళ్ళం.

సాయంత్రం ఆమె వచ్చి చూసింది. ఇంజన్‌ను చేతిలోకి తీసుకుని తిప్పింది.

"వదినా, దీని మీద ఇరవై ఏండ్ల వానలు కురిపించింటిని. నువ్వు ఒక్క గుడ్డతో తుడిచేస్తివే!"

తప్పు తెలిసినా నేను ఒప్పుకోలేదు. "తుప్పు పట్టినదాన్ని ఎవురైనా పూజలో పెడతారా?"

"పని చేసి చేసి పడిపోయినదానికి కాక ఇంకెవురికి పెడతావు బొట్టు?"

బొట్టును నేను తుడవబోతే ఆమె నా చేయి పట్టుకుంది. "బొట్టు ఉండనీ. పాత మిషన్ల మీద పాత బొట్టు ఉంటాది గదా. ఇన్నాళ్ళూ నాకే తోచలేదు చూడు."

ఆ రోజు నుంచి ఆమె చేసిన ప్రతి యంత్రం మీదా ఎక్కడో ఒక చోట వెలిసిన కుంకుమ బొట్టు ఉంది. తడి వేలితో అద్ది, సగం తీసేసేది. నా తప్పును ఆమె తన పనితనంలో కలిపేసుకుంది.

దండనగా, ఆ ఇంజన్‌కు మళ్ళీ తుప్పు పట్టించే పనిలో నన్ను కూర్చోబెట్టింది. నల్లని గోధుమరంగు వేసి, తడి మీద ఉప్పు చల్లి, ఆరాక పైన పచ్చరంగు పూయాలి. తర్వాత ఉప్పును బ్రష్షుతో రాలిస్తే, ఉప్పు ఉన్న చోటల్లా పెయింటు పెచ్చులూడినట్టు కిందనుంచి తుప్పు బయటపడుతుంది.

"ఉప్పు ఎక్కువేస్తివి. కూరలోనూ నీ చెయ్యి ఇంతేనా వదినా?"

"మా అమ్మాయి చేతి వంట తింటాండావు గదా, నువ్వే చెప్పు."

"అందుకే అడుగుతాండా."

అప్పుడే నేను నోటుబుక్కు మొదలుపెట్టాను. ఎర్రమన్ను ఎంత అంటే "కొంచెం" అనేది. కొంచెం అంటే ఎంత అని నేను. "కొంచెం అంటే కొంచెమే. పిల్లోళ్ళను అడిగినట్టు అడగద్దు." నేను వదల్లేదు. ఆమె వేలితో తీసినదాన్ని చెంచాలో పోయించి కొలిచేదాన్ని. గుడ్డలో జల్లించిన దిబ్బూరహళ్ళి ఎర్రమన్ను పావు చెంచా, నల్లరంగు మూడు చుక్కలు, టీ డికాక్షన్ ఒక చెంచా. ఇలా పదింటికీ నా దగ్గర లెక్క ఉంది. ఒక్క మాటకు మాత్రం కొలత లేదు: "నీళ్ళు యాడ నిలుస్తాయో చూడు వదినా, తుప్పు ఆడ పుడతాది. నీళ్ళు యాడికి జారతాయో ఆడికి పోతాది." నలభై ఐదు నిమిషాల పాఠంలో నేను ఇంత స్పష్టంగా ఎప్పుడూ ఏదీ చెప్పలేదు.

చిక్కబళ్ళాపురంలో ఒక బొమ్మల ప్రదర్శనకు వాటిని నేనే పట్టుబట్టి తీసుకెళ్ళాను. బాగేపల్లి మెకానిక్ ఒకాయన ఇంజన్ ముందు ఆగాడు. బరువుంటుందనుకుని రెండు చేతులూ వేసి, కాళ్ళు ఊని లేపాడు. అట్టముక్క ఒక్కసారిగా ఆయన గడ్డం దాకా వచ్చింది. పక్కవాళ్ళు నవ్వారు.

"ఎవురప్పా దీన్ని చేసినోడు?"

"చేసినోడు కాదప్పా, చేసినామె. మా వియ్యపురాలు. ఇదో, ఈడ కూర్చోనుండాది" అన్నాను. నా విద్యార్థులకు రాష్ట్రంలో ర్యాంకు వచ్చిన రోజున కూడా నా గొంతు అంత గట్టిగా లేవలేదు.

ఆయన ఇంజన్ పక్కన నూనె మరకను చూపించాడు. "మా నాయన ఇంజన్ కూడా సరిగ్గా ఈడే కారుతాండె."

"ఇప్పుడు అది యాడుండాదప్పా?" అని ఆమె అడిగింది.

"అమ్మేస్తిమమ్మా."

తిరుగు బస్సులో ఆమె, "వదినా, ఇంక మా ఇంటిది చేస్తా" అన్నది.

పదకొండోది అదే. ఫోటో లేని, ఇనుము లేని, ఆమె జ్ఞాపకంలో మాత్రమే ఉన్న చక్రం. నాలుగు పక్కల్లో మూడింటికి తుప్పు పట్టించడం అయింది. నేను చివరిసారి వెళ్ళినప్పుడు ఆమె ఆయాసంతో బ్రష్షు పట్టలేక, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెప్పింది. నేను రాసుకున్నాను. నా నోటుబుక్కులో అంకెలు లేని పేజీ ఇదొక్కటే: "పిడి కాడ తుప్పు పెట్టద్దు. పెన్సిల్ ముక్కు అరగదీసి, ఆ పొడి వేలితో రుద్దు. మెరవాల. నా చెయ్యి ఉండిన చోటు అది."

నా వేలితో అని ఆమె అనలేదు, నీ వేలితో అనీ అనలేదు. నేనూ అడగలేదు. అన్నిటికీ కొలత అడిగిన నేను ఆ రోజు అడగలేకపోయాను.

కాబట్టి ఇక జరగవలసినవి ఇవి. మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ చదవాలి.

1. పదకొండింటిలో దేన్నీ ఎవరూ తుడవకూడదు. దుమ్ము పడితే పడనీ, అది కూడా వాటిదే.

2. వార్నిష్ వద్దు. తుప్పుకు మెరుపు ఉండదు. అద్దాల బీరువా కావాలంటే పెట్టుకోండి.

3. ఆమె గ్లాసులోని నీళ్ళు పారబోయకండి. నాలుగో పక్కకు ఆ రంగే కలుపుతాను. ఎండిపోయి ఉంటే మళ్ళీ తడుపుతాను.

4. వచ్చే ఆదివారం నోటుబుక్కుతో వస్తాను. పిడిని నేనే రుద్దుతాను. ఆ పూట నాతో ఎవరూ మాట్లాడవద్దు.

5. ఆయుధ పూజకు చక్రాన్ని కూడా వరసలో పెట్టండి. బొట్టు నేను పెడతాను. తడి వేలితో సగం తీసెయ్యడం నాకు చేతకాదు. నిండుగానే పెట్టి వదిలేస్తాను. దానంతటది వెలిసేదాకా ఆ చక్రం కొత్త బొట్టుతో ఉంటుంది.