చమేలి కడుపులోని ఇసుక

పౌల్‌రాజు భార్య సామ్రాజ్యాన్ని వెంటబెట్టుకుని భీమిలి వైపు నుంచి కార్ఖానా పని కోసం టాటానగర్ వచ్చాడు. ఆ పని దొరకలేదు. స్టేషను ముందు ఒకరి టాంగా అద్దెకు తోలుతూ, ఒళ్లు దాచుకోకుండా కష్టపడి, కొన్నేళ్లకు సొంతంగా ఒక ఎర్ర ఆడగుర్రాన్ని కొనుక్కున్నాడు. దాని పేరు చమేలి. తోలడం అతని వంతు, మేత సామ్రాజ్యం వంతు. పొద్దున్నే అతను మొహం కడుక్కునేలోపు ఆమె చమేలి మూతికి దాణా సంచి తగిలించేసేది. అందులో నానబెట్టిన శనగలు, గోధుమ తవుడు ఉండేవి. ఆ తవుణ్ణి ఊళ్లో అందరూ చోకర్ అనేవారు.

తవుడు ఆదిబాబు కొట్టులోంచి వచ్చేది. జుగ్‌సలాయి బజారులో గడ్డి, దాణా అమ్మే ఆదిబాబుది కూడా వాళ్ల వైపు ఊరే. టాంగా స్టాండుకు పెద్ద అతనే. కొత్తవాడికి వరసలో చోటు ఇప్పించాలన్నా, పోలీసువాడితో వచ్చిన తగువు తీర్చాలన్నా అతని మాటే చెల్లేది. పౌల్‌రాజుకు చోటు ఇప్పించిందీ అతనే. క్రిస్మస్‌కు ఇంటికి వచ్చి, సామ్రాజ్యాన్ని చెల్లెమ్మా అని పిలిచి, ఆమె వండిన చేపల పులుసు తిని మెచ్చుకుని వెళ్లేవాడు. అందుకే ఆమె ఇంకో దాణా కొట్టు మెట్టు ఎక్కలేదు.

పందొమ్మిది వందల యాభై అయిదులో వానలు ముదిరిన రోజుల్లో చమేలికి కడుపునొప్పి మొదలైంది. ముందు దాణా వదిలేసింది. తర్వాత మాటిమాటికీ మెడ తిప్పి తన డొక్క వైపే చూసుకునేది, ముందు కాలితో నేల గీరేది. లద్దె వేయడం ఆగిపోయింది. ఒళ్లంతా చెమట పట్టి, కిందపడి పొర్లడం మొదలుపెట్టేసరికి పౌల్‌రాజు సూర్యాన్ని పిలుచుకొచ్చాడు. సూర్యం యుద్ధంలో బర్మా వైపు పట్టాళం కంచరగాడిదల దళంలో పనిచేసి వచ్చి, జుగ్‌సలాయిలో గుర్రాలకు నాడాలు కొడుతుండేవాడు. పశువుల రోగాలు కొంత తెలిసినవాడు. ఆయన చమేలి డొక్కకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. లోపల ఏ చప్పుడూ లేదని చెప్పి లేచాడు. మధ్యాహ్నానికి చమేలి చచ్చిపోయింది.

తోలు ఒలిచేవాళ్లు వచ్చి పని మొదలుపెట్టాక సూర్యం వాళ్లచేత పెద్ద పేగు కోయించాడు. పౌల్‌రాజు అటు తిరిగి నిలబడ్డాడు. సామ్రాజ్యం చూసింది. పేగు మడతలో పిండి మూట కట్టినట్టు బరువుగా ఇసుక, తెల్లగా, సన్నగా, మధ్య మధ్య తళుకుమంటూ. సూర్యం కొంచెం తీసి వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఇది నేల మీది మట్టి కాదమ్మా. నది ఇసక. ఎవడో జల్లించి మరీ కలిపినాడు" అన్నాడు.

చమేలి ఏనాడూ నేల మీద తిని ఎరగదు. సంచిలోనే తినేది, లేదంటే గాడిలో గడ్డి తినేది. సామ్రాజ్యం లోపలికి వెళ్లి, మిగిలిన తవుణ్ణి కుండెడు నీళ్లలో పోసి కలిపింది. తవుడు పైకి తేలింది. దాన్ని వంచేస్తే అడుగున అదే తెల్ల ఇసుక మిగిలింది.

మొగుడూ పెళ్లాలిద్దరూ ఆ కుండ పట్టుకుని ఆదిబాబు దగ్గరికి వెళ్లారు. అతను కుండలోకి తొంగి కూడా చూడలేదు. వానల్లో ఖర్కాయ్ నది ఒడ్డున మేపి ఉంటారని, గడ్డితోపాటు ఇసుక మింగి ఉంటుందని అన్నాడు. సామ్రాజ్యం గొంతు పెంచితే, కొట్టు ముందు గొడవ చేస్తే మర్యాదగా ఉండదని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. ఆ వారం తిరక్కుండానే స్టాండులో పౌల్‌రాజు చోటు మరొకడికి ఇచ్చేశారు. గుర్రం లేనివాడికి చోటెందుకని అడిగాడట ఆదిబాబు. పౌల్‌రాజు స్టేషను పార్సిల్ ఆఫీసులో బరువులు మోసే పనికి కుదిరాడు.

అతను మెత్తని మనిషి. జరిగిందేదో జరిగింది, దేవుడే చూసుకుంటాడు అనేవాడు. సామ్రాజ్యానికి అది మింగుడుపడలేదు. దేవుడు చూసుకునేదాకా ఆగే ఓపిక తనకు లేదని మొహం మీదే చెప్పింది. తెలుగువాళ్ల చర్చిలో ప్రభురాత్రి భోజనానికి అందరూ లేచి ముందుకు వెళ్తుంటే ఆమె బల్ల మీదే కూర్చుండిపోయేది. పాస్టరు ఒకసారి ఇంటికి వచ్చి కారణం అడిగాడు. ఒక మనిషి మీద పగ ఉందని, దాన్ని వదలబోనని, మనసులో అది పెట్టుకుని రొట్టె ముట్టలేనని ఆమె చెప్పింది. ఆయన ప్రార్థన చేసి వెళ్లాడు. ఆ ప్రార్థనలో ఆమె ఆమెన్ అనలేదు.

ఆ తర్వాత రోజూ సూర్యం కొలిమి దగ్గరికి వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టింది. గుర్రం కడుపు సంగతులన్నీ అడిగేది. ఆయన నాడాలు సాగగొడుతూ చెప్పేవాడు. గుర్రానికి గింజ ఎంత పెట్టినా దాని ప్రాణం పీచులో ఉంటుందని, గడ్డి పీచు పేగులో కదులుతూ ఉంటేనే మిగతాదంతా కదులుతుందని, గడ్డి తగ్గించి గింజ పెంచితే లోపల పులిసి ఉబ్బుతుందని చెప్పేవాడు. ఇసబ్‌గోల్ పొట్టు నీళ్లు తగిలితే జిగురుగా ఉబ్బి, పేగులో పేరుకున్న ఇసుకను పట్టుకుని బయటికి లాక్కొస్తుందని, దాన్ని ఆపకుండా కొన్నాళ్లు ఇవ్వాలని, నెలకోసారి మళ్లీ ఇవ్వాలని చెప్పాడు. అవిసె గింజలు మాత్రం పచ్చివి పెట్టకుండా బాగా ఉడికించాలన్నాడు. ఒకరోజు, గుర్రం లేనిదానివి ఇదంతా ఎందుకు నేర్చుకుంటున్నావని అడిగాడు.

"ఆడి కొట్టు మూయించడానికి" అంది సామ్రాజ్యం.

మొదట ఆమె స్టాండుకు వెళ్లి గాజు సీసాలో ఆదిబాబు తవుడు, నీళ్లు పోసి అందరికీ చూపించింది. టాంగావాళ్లు చూశారు. అడుగున ఇసుక దిగడం వాళ్ల కళ్లకూ కనబడింది. కానీ ఎవరూ నోరు విప్పలేదు. పర్లాకిమిడి వైపు నుంచి వచ్చిన బలరామ్ అనే టాంగావాడు మాత్రం ఆమెను పక్కకు పిలిచి, స్టాండులో చోటు పోతే మా పిల్లలకు ఎవరు పెడతారమ్మా అని అడిగాడు. సామ్రాజ్యం సీసాలో నీళ్లు పారబోసింది. సీసా తీసుకుని ఇంటికి వచ్చేసింది.

అప్పుడు దారి మార్చింది. గుర్రానికి కడుపునొప్పి అని తెలిస్తే చాలు, ఎవరూ పిలవకుండానే వెళ్లేది. గింజ మాన్పించి, ఎండుగడ్డి తడిపి పెట్టించి, గోరువెచ్చని నీళ్లు తాగించి, బెల్లం కలిపిన ఇసబ్‌గోల్ వెదురు గొట్టంతో గొంతులో పోసేది. అందులో కొన్ని బతకలేదు. ఎక్కువ బతికాయి. బాగుపడిన గుర్రాల వాళ్లు చాటుగా ఆమె దగ్గరే మేత కొనడం మొదలుపెట్టారు. పిండిమర నుంచి తెచ్చి తన చేత్తో జల్లించిన తవుడు, తరిగిన గడ్డి, ఉడికించిన అవిసెలు ఇచ్చేది. ఆదిబాబుకు అనుమానం రాకూడదని అతని దగ్గరా ఒక బస్తా కొని పక్కన పడేసేవారు. గడ్డి పీకే ఆడదాని వల్ల నాకేమవుతుందని ఆదిబాబు నవ్వాడని బలరామే వచ్చి చెప్పాడు. ఆమె ఆ మాట వింటూనే తవుడు జల్లించింది.

ఆదిబాబుకు ఒక తెల్ల గుర్రం ఉండేది, బాద్‌షా అని. బిష్టుపూర్‌లో పెద్దింటి పెళ్లి జరిగితే పెళ్లికొడుకు ఊరేగేది దాని మీదే. కొట్టులో తవుడు దానికి పెట్టేవాడు కాదు, వేరే బస్తా ఇంట్లో దాచి ఉంచేవాడు. యాభై ఎనిమిదిలో ఊళ్లో పెద్ద సమ్మె వచ్చి బజారు మూతపడింది. ఆదిబాబు ఏదో పెళ్లి బేరం మాట్లాడటానికి చాయిబాసా వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు. ఇంట్లో దాచిన బస్తా అయిపోయింది. అతని భార్య రమాదేవి కొట్టు తాళం తీసి, అక్కడున్న బస్తాల్లోంచి తవుడు తీసి గుర్రానికి పెట్టింది. అందులో ఏముందో ఆమెకు తెలియదు. అతను తిరిగొచ్చేసరికి బాద్‌షా నేల గీరుతోంది.

సూర్యానికి అప్పటికి చూపు మందగించింది. తన చేతులు వణుకుతున్నాయని, సామ్రాజ్యం దగ్గరికి వెళ్లమని చెప్పి పంపేశాడు. పొద్దున్నే ఆమె గడ్డి తరుగుతుంటే ఆదిబాబు వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"సెల్లెమ్మా, పాతయ్యి మనసులో ఎట్టుకోకు. బాద్‌షా సచ్చిపోతన్నాది" అన్నాడు.

ఆమె కత్తిపీట పక్కకు పెట్టింది. "సేత్తాను. నీ శాలలో కాదు. స్టాండులో నీళ్ల పంపు కాడ కట్టు. నయమయ్యేదాకా అక్కడే ఉండాల."

ఎందుకని అడిగాడు. నీళ్లు అక్కడే బాగా దొరుకుతాయంది. అతను ఒప్పుకున్నాడు.

ఆ పూటంతా ఆమె గుర్రాన్ని నెమ్మదిగా నడిపించింది, నూనె పట్టించింది, డొక్క నిమిరింది. సాయంత్రానికి పేగు కదిలి కొంచెం లద్దె వేసింది. ఇసబ్‌గోల్ మొదలుపెట్టింది. మర్నాడు వేసిన లద్దెను ఒక తొట్టిలో వేసి, పంపు కింద పెట్టి, అందరూ చూస్తుండగా కడిగింది. పీచంతా నీళ్లతో పోయింది. అడుగున మిగిలిన ఇసుకను తన పాత చీర పరిచి దాని మీద ఆరబోసింది. బళ్ల మీద కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే దిగి వచ్చారు. దాణా కొట్టువాడి గుర్రం కడుపులోకి ఇసుక ఎలా వచ్చిందని బలరామ్ పైకే అడిగాడు.

"నానేటీ సెప్పను. ఆయన్నే అడగండి" అంది.

గుర్రాన్ని స్టాండులో ఎందుకు కట్టమందో పక్కనే నిలబడ్డ ఆదిబాబుకు అప్పుడు అర్థమైంది. పలుపు విప్పబోయాడు. సామ్రాజ్యం అడ్డం రాలేదు.

"తోలుకెల్లు. లోపల ఇంకా ఉన్నాది. మళ్లీ పొర్లితే నా కాడికి రాకు" అంది.

అతని చెయ్యి పలుపు మీదే ఆగిపోయింది. బాద్‌షా మెడ మీద చెయ్యి వేసి నిమురుతూ చాలాసేపు నిలబడ్డాడు. ఆ గుర్రమంటే అతనికి నిజంగానే ప్రాణం. అది సామ్రాజ్యం చూసింది. చమేలి మెడ మీద పౌల్‌రాజు చెయ్యి గుర్తొచ్చింది, అంతే. జాలి కలగలేదు. అతను పలుపు వదిలేసి వెళ్లిపోయాడు.

రోజూ లద్దె కడగడం, రోజూ చీర మీద ఇసుక ఆరబోయడం. టాంగావాళ్లే కాదు, రైలు దిగినవాళ్లు కూడా ఆగి ఇదేమిటని అడిగి తెలుసుకుని వెళ్లేవారు. ఒకనాడు సూర్యం కర్ర పట్టుకుని వచ్చాడు. నానబెట్టిన ఇసబ్‌గోల్ గిన్నెలో వేలు పెట్టి చూసి, మొహం చిట్లించాడు.

"ఎందుకు తగ్గించినావు?" అన్నాడు.

ఆమె గిన్నె తన వైపు లాక్కుంది.

"బేగి అయిపోతే నీ తమాసా అయిపోద్దనా? పగ ఆడి మీద ఎట్టుకో. గుర్రమేటి సేసినాది నీకు?"

సామ్రాజ్యం మొహం ఎర్రబడింది. చమేలి పోయినప్పటి నుంచి ఆమెను ఒక్క మాటతో తల దించుకునేలా చేసినవాడు ఆయనొక్కడే. ఆయన ముందే డబ్బా తీసి, వెయ్యవలసినంత పొట్టు గిన్నెలో పోసి కలిపింది. త్వరలోనే లద్దెలో ఇసుక కనబడటం ఆగింది. బాద్‌షా గడ్డి అడిగి మరీ తిన్నది. దాన్ని తోలుకెళ్లడానికి ఆదిబాబు రాలేదు, ఎవరినో పంపాడు.

దాని తర్వాత అంతా తొందరగా జరిగిపోయింది. టాంగావాళ్లు తమ దగ్గరున్న బస్తాలు తెచ్చి పంపు దగ్గర కుమ్మరించి నీళ్లు కొట్టి చూసుకున్నారు. గుర్రాలు పోగొట్టుకున్నవాళ్లు కొట్టు మీదికి వెళ్లారు. స్టాండుకు బలరామ్‌ను పెద్దను చేశారు. ఆదిబాబు కొట్టు తలుపులు మూసి, బాద్‌షాను బ్యాండుమేళం వాళ్లకు అమ్మేసి, అత్తవారి ఊరికి ప్రయాణం కట్టాడు.

వెళ్లే రోజు రమాదేవి ఒంటరిగా సామ్రాజ్యం ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ తవుడు బాద్‌షాకి ఎట్టింది నానే. దాన్లో ఏటున్నాదో నాకు తెల్దు" అంది.

"నీకు తెల్దని నాకు తెలుసొదినా."

"ఇంక ఈ ఊళ్లో మా పిల్లలు తలెత్తుకోనేరు. నీ కసి తీరిందా సామ్రాజ్యం?"

సామ్రాజ్యం ఆమె కళ్లలోకి చూసింది. ఏదైనా మంచి మాట చెబుదామనుకుంది కానీ లోపల నుంచి అది రాలేదు.

"తీరింది ఒదినా" అంది.

రమాదేవి తల ఊపి, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం పౌల్‌రాజు ఆలస్యంగా ఇల్లు చేరాడు. ఆదిబాబు వాళ్ల పెట్టెలు ప్లాట్‌ఫారం మీదికి మోసింది అతనే. సంగతి తెలిసి సామ్రాజ్యం మండిపడింది. మనల్ని రోడ్డు మీద పడేసినవాడి సామాను నీ నెత్తిన ఎందుకు పెట్టుకున్నావని అడిగింది. అతను కాళ్లు కడుక్కుంటూ, పెట్టెలు బరువుగా ఉన్నాయి, మొయ్యడం నా పని అన్నాడు. ఇద్దరూ ఒకే పళ్లెం దగ్గర కూర్చున్నారు. ఆమె కడుపునిండా తింది. అతను రెండు ముద్దలు తిని లేచాడు.

మర్నాడు స్టాండులో ఒక ముసలి గుర్రానికి దాణా సయించడం లేదని కబురొచ్చింది. సామ్రాజ్యం అవిసెలు పొయ్యి మీద పెట్టి, అవి ఉడికేదాకా కలుపుతూ కూర్చుంది.