అడుగు మట్టి

తిరువూరు బస్టాండులో వాన వెలిసింది. తెగిన చెప్పులు చేత్తో పట్టుకుని గంపలగూడెం బస్సు కోసం చూస్తున్నాను. వెనక్కి తిరిగితే, ఎవరో పెద్దాయన వంగి బురదలో నా అడుగును పరీక్షగా చూస్తున్నాడు. అడుగు మట్టి తీసుకెళ్లి చేతబడి చేస్తారని మా అమ్మమ్మ చెప్పేది.

"ఏంటండీ, ఏం చేస్తున్నారు?" అని గదమాయించాను.

"భయపడకండమ్మా. మడమ దిగింది, బొటనవేలు కోతులకి ఉన్నట్టు ఎడంగా కాక మిగతా వేళ్ల పక్కనే ఉంది చూడండి. ఆఫ్రికాలో అగ్నిపర్వతం బూడిదలో ఇలాంటి అడుగులే రాయైపోయి దొరికాయి. మనలాంటి మనుషులు పుట్టడానికి చాలా ముందే మన పూర్వీకులు నిటారుగా నడిచారనడానికి అవే రుజువు."

మాటల్లో పెట్టి మట్టి తీస్తాడేమోనని, ఆయన చూస్తుండగానే ఆ అడుగును కాలితో చెరిపేసి బస్సెక్కాను. కిటికీలోంచి చూస్తే, చెరిపిన చోటే, చెరిపిన కాలి అడుగు ఇంకా లోతుగా పడి ఉంది.

ఆయన దాన్ని తొక్కకుండా, పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్లాడు.