జ్వరం మీద ప్రశ్నలు

కొరాపుట్‌లో ఎంబీబీఎస్ ఆఖరి సంవత్సరం చదువుతున్నప్పుడు నాకు రోగాలకన్నా ప్రశ్నలంటేనే ఎక్కువ భయం. పుస్తకంలో ఏ పేజీలో ఏముందో తెలిసినా, ఎగ్జామినర్ ముందు నిలబడేసరికి నాలుక పిడచకట్టుకుపోయేది.

నా గదిలో ఉండే అమ్మాయిదీ మా రాయగడే. వాళ్లమ్మ అక్కడ స్కూల్లో టీచరు. మాది బజారులో పప్పుల టోకు కొట్టు. నా భయం పోగొట్టాలని తనే ఒక పద్ధతి పెట్టింది. మధ్యాహ్నం భోజనం అయ్యాక హాస్టల్ వరండాలో కూర్చుని, పుస్తకం చూడకుండా ఒకరినొకరు ప్రశ్నలడగాలి.

"నసగకే అమ్మీ. ముందు రోగం పేరు సెప్పు, తర్వాత మందు సెప్పు" అని గదమాయించేది. తను మాత్రం ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేసేది. తప్పు చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

పరీక్షలు దగ్గరపడ్డాక తనకు జ్వరం వచ్చింది. మలేరియా పరీక్ష చేస్తే లేదని వచ్చింది. తలనొప్పి భరించలేక దుప్పటి కప్పుకుని చదివేది. "పరీక్ష జ్వరమే. పేపరు రాసేస్తే పోతాది" అంది. నేనూ నమ్మాను. భయంతో నాకూ రోజూ ఒళ్లు వెచ్చబడినట్టే ఉండేది.

ఒక మధ్యాహ్నం జ్వరాల పాఠం తీశాం. మలేరియా మెదడుకెక్కితే ఏ మందు ఇవ్వాలని అడిగాను. తను నాకేసి చూస్తూ ఉండిపోయింది.

"బట్టలు తీసేవా? వాన వస్తాది" అంది.

ఎండ పెళ్లున కాస్తోంది. నన్ను ఆటపట్టిస్తోందనుకుని నవ్వి, మళ్లీ అడిగాను.

"అమ్మ బస్సు దిగిందా?"

వాళ్లమ్మ రాయగడలో ఉంది. నుదురు తాకితే కాలిపోతోంది. గదిలోకి తీసుకెళ్లి పడుకోబెట్టాను. రెండు వారాల కిందట కాలేజీ క్యాంపుకి నారాయణపట్న వైపు వెళ్లినప్పుడు తను గడ్డిలో కూర్చుని అన్నం తిన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. గడ్డిలో పురుగు కుడితే వచ్చే జ్వరం ఒకటుంది, స్క్రబ్ టైఫస్. కుట్టినచోట నల్లటి పొక్కు కడుతుంది. నొప్పి ఉండదు కాబట్టి రోగి చెప్పడు, మనమే వెతకాలి.

చెవుల వెనక చూశాను, నడుము దగ్గర చూశాను. ఎడమ చంకలో కనబడింది, సిగరెట్టుతో కాల్చినట్టు చిన్న నల్లటి పొక్కు. పక్క గది అమ్మాయి సాయంతో నడిపించుకుంటూ క్యాజువాల్టీకి తీసుకెళ్లాను.

అక్కడున్న డాక్టరు మాకు వైవాలో ఎగ్జామినర్‌గా రాబోయే ఆయనే. పొక్కు చూపించాను. ఆయన వంగి చూసి, "మందు?" అన్నాడు.

"డాక్సీసైక్లిన్ సార్" అన్నాను. మోతాదు అడుగుతాడేమోనని భయపడ్డాను, అది గుర్తు రావడం లేదు. ఆయన ఇంకేమీ అడగకుండా మందు మొదలెట్టించాడు.

మర్నాటికి తనకు ఆయాసం వచ్చింది. ఐసీయూలో పెట్టారు. వాళ్లమ్మ రాయగడ నుంచి వచ్చి, బయట బెంచీ మీద బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుంది.

"నువ్వు డాక్టరు సదువుతున్నావు కదమ్మీ, సెప్పు. నా పిల్లకి ఏటి అవుతాది?"

ఆ ప్రశ్నకు నాకు జవాబు తెలుసు. జ్వరం ముదిరితే దెబ్బతినేవి ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, గుండె, మెదడు. మార్కుల కోసం అదే వరసలో బట్టీపట్టాను. ఇప్పుడు ఒక్కో మాటా ఆ తలుపు అవతల పడుకున్న మనిషి మీదకి వస్తున్నట్టుంది.

"తగ్గిపోతుందండి" అన్నాను. అది నాకు తెలియదు.

ఆ మరుసటి సాయంత్రం జ్వరం దిగింది. నన్ను లోపలికి పంపినప్పుడు తను కళ్లు తెరిచి, "ఏటే, సదివేవా?" అంది. బయటికొచ్చాక వెక్కి వెక్కి ఏడ్చాను.

తను పరీక్షలు రాయలేకపోయింది. నేను రాశాను. వైవాలో రెండు ప్రశ్నలకు నోరే పెగల్లేదు. అయినా పాసయ్యాను.

సప్లిమెంటరీకి తను ఇంట్లో చదువుకుంటుంటే, ప్రశ్నలడగడానికి రాయగడ వెళ్లాను. జ్వరాల పాఠం దాటేసి పేజీ తిప్పాను.

"అదెందుకు వదిలేసేవు?"

"నేనడగలేనే."

"ఎగ్జామినర్ అడుగుతాడు కదా" అని, స్క్రబ్ టైఫస్ ముదిరితే ఏమవుతుందని తనే ప్రశ్న వేసుకుని జవాబు మొదలెట్టింది. ఊపిరితిత్తుల దగ్గర తడబడింది. ఆగి, మళ్లీ మొదటినుంచి చెప్పింది. వంటగదిలోంచి వాళ్లమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"సాలమ్మా, ఆపండి" అంది.

తను ఆపలేదు. చివరిదాకా చెప్పింది.