పేకముక్కల మగ్గం

తొమ్మిదంతస్తుల మేడను నిలువునా పట్టుకుని మగ్గంగా వాడుకున్న మొనగాడు ఈ భూమ్మీద ఒక్కడే. ఆయనే లిఫ్టు బాబాయి. ఒకే ఒక్క శనివారం మధ్యాహ్నం ఆ మేడ మెట్లు వందసార్లు ఎక్కి, వందసార్లు దిగి, భార్యకు సంచి పట్టీ నేసి పూర్తిచేశాడు. నమ్మనివాళ్ళు వెళ్ళి మెట్లు చూసుకోవచ్చు. పాపం, సగానికి సగం అరిగిపోయి ఉంటాయి.

ఇరవై రెండేళ్ళుగా బాబాయి ఆ లిఫ్టులో స్టూలు మీద కూర్చుని మీటలు నొక్కుతున్నాడు. చెంప పట్టుకుని వచ్చారంటే అడగకుండానే నాలుగు నొక్కుతాడు, పళ్ళ డాక్టరు. ఫైలు గుండెలకు హత్తుకుని వచ్చారంటే ఎనిమిది, వకీలు. ఆయన భార్య, అంటే పిన్ని, ఇల్లిల్లూ తిరిగి ఉత్తరాలు పంచుతుంది. ఆవిడ నడక వేగానికి సైకిళ్ళు సిగ్గుపడి పక్కకు తప్పుకుంటాయి. అలాంటి పిన్నికి సంచి పట్టీ కోసుకుని కోసుకుని, ఒకరోజు భుజం పైకి లేవనంది. పోస్టుమాస్టరు వారం సెలవిచ్చి, సోమవారానికి సంచి మొయ్యలేకపోతే ఇక కౌంటరులో కూర్చుని స్టాంపులు అమ్మాల్సిందే అన్నాడు.

"ఆ కిటికీ వెనక కూర్చున్నానంటే వారంలో బూజు పట్టిపోతా," అంది పిన్ని.

"అరచెయ్యంత వెడల్పున, మెత్తటి పట్టీ నేనే నేసిస్తా," అన్నాడు బాబాయి.

"చొక్కా గుండీ ఊడితే మూడ్రోజులు పిన్నీసుతో తిరిగే మనిషి! మీరు నేస్తారా?"

అయిదో అంతస్తు దర్జీ చెప్పిన కిటుకు అప్పటికే బాబాయి బుర్రలో ఉంది. చదరపు అట్టముక్కకు నాలుగు మూలలా చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులోంచి ఒక్కో దారం లాగాలి. అలాంటి ముక్కలు వరసగా నిలబెట్టి, అన్నింటినీ కలిపి పావు చుట్టు తిప్పితే దారాలు కిందివి పైకి, పైవి కిందికి పోయి మధ్యలో సందు తెరుచుకుంటుంది. ఆ సందులోంచి అడ్డదారం పోనిచ్చి స్కేలుతో గట్టిగా నొక్కి, మళ్ళీ తిప్పాలి.

పాత బల్ల సొరుగుకు అడుగు ఊడగొట్టాడు. ఇల్లు తుడిచే కర్రను రెండు ముక్కలుగా కోసి, ఆ చివరొకటి ఈ చివరొకటి బిగించాడు. ఒకదాని మీద దారాలు, రెండోదాని మీద నేసిన పట్టీ. ఒళ్ళో పెట్టుకుంటే మగ్గం, చంకలో పెట్టుకుంటే సామాను. ఇక అట్టముక్కలంటారా, వడ్రంగి పని చేసే బావమరిది ఆదివారం ఆటకని బాబాయి ఇంట్లోనే దాచుకున్న పేక ఒకటుంది, చదరంగా కత్తిరిస్తే సరి.

"బావా, నా ముక్కలేవి?"

"పనిలో ఉన్నాయిరా."

"అయ్యో, రాజు కిరీటానికి చిల్లు పెట్టేశావా!"

"గాలాడుతుందిలే."

మొదటిరోజు ముందుకే తిప్పుకుంటూ పోయాడు. సాయంత్రానికి ముక్కల అవతల దారాలన్నీ మెలిపడి బిగుసుకుపోయాయి. ముందుకెన్ని తిప్పితే వెనక్కి అన్ని తిప్పాలి. కానీ లెక్కపెట్టాలంటే నోరు మూసుకోవాలి. బాబాయికి అదొక్కటే చేతకాదు.

మర్నాడు మగ్గంతో సహా లిఫ్టెక్కాడు. ఒక్కో అంతస్తు పైకి వెళ్ళినప్పుడల్లా ఒక తిప్పు ముందుకు, కిందికి దిగినప్పుడల్లా ఒక తిప్పు వెనక్కి. ఎంత పైకి పోయిన లిఫ్టయినా కిందికి రావాల్సిందే, పడ్డ మెలి విడిపోవాల్సిందే! లెక్క లిఫ్టు చూసుకుంది, కబుర్లు బాబాయి చూసుకున్నాడు. పట్టీ మూరలు మూరలుగా పెరిగింది.

శనివారం మధ్యాహ్నం, ఇంకా జానెడు నెయ్యాల్సి ఉండగా, ఏడో అంతస్తులో కరెంటు పోయింది. ఏడు తిప్పులు ముందుకు తిప్పి ఉన్నాయి. లిఫ్టు దిగదు. సోమవారం ఆగదు. బాబాయి సొరుగు చంకనెత్తుకుని మెట్ల దారి పట్టాడు. అంతస్తు దిగడం, మెట్టు మీద చతికిలబడడం, ఒక తిప్పు వెనక్కి తిప్పి నెయ్యడం. కిందికి చేరాక మళ్ళీ పైకి. మోకాళ్ళు కిర్రుమంటున్నా నోరు ఆగలేదు. తలుపు బాగుచెయ్యడానికి అటుగా వచ్చిన బావమరిది, "బావా, ఒక్క మాట," అంటూ వెంటపడ్డాడు. అంతటి వీరుడు వింటాడా! అలా వందసార్లు ఎక్కి దిగాక గానీ జానెడు పూర్తికాలేదు.

సోమవారం పిన్ని కొత్త పట్టీ భుజాన వేసుకుని, చెయ్యి పైకెత్తి చూసుకుని, వీధిలోకి ఉరికింది. ఆ రోజు కొన్ని ఉత్తరాలు రాయకముందే అందాయంటారు.

ఈ కథంతా చెప్పి, నిజమే కదా బాబాయ్ అంటే ఆయన మీట నొక్కుతూ అన్న మాట ఇది:

"వందసార్లు కాదు, మూడుసార్లు. కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు కదా అన్నాడు మా బావమరిది. కూర్చున్నాను."