నా చేతికి పట్టిన కంకణం

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. వాన పడుతోందని నేనంటే మా ఇంట్లో ఎవరూ ఆరేసిన బట్టలు తీయరు. బయటికి వెళ్ళి చెయ్యి చాపి, తడి తగిలితేనే నమ్ముతారు. ఇది కూడా మీరు అలాగే చెయ్యి చాపి చదువుకోండి. ఇందులో చాలాచోట్ల పెంచాను. ఒక్కచోట మాత్రం పెంచడం కాదు, కల్పించాను. అదెక్కడో చివర్లో ఒప్పుకుంటాను.

పందొమ్మిది వందల యాభైలలో నేను సంగారెడ్డి బజారులో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాను. నాకు ఇరవయ్యేళ్ళు దాటాయి గానీ ఆ కబురు నా ఒంటికి ఇంకా అందలేదు. నా మణికట్టు ఎంత సన్నమంటే, ఎవరిదో గడియారం సరదాకి పెట్టుకుంటే అది మోచేతి దాకా జారిపోయింది. టైము చూడాలంటే చొక్కా విప్పాల్సి వచ్చింది. ఆ లోటు పూడ్చడానికి మీసం పెంచాను. ఎదురుగాలికి ఆ మీసమే నన్ను వెనక్కి లాగేది.

ఆ ఏడు మా సేటు భార్యకు ఒళ్ళంతా నీరు పట్టింది. హకీము మందు వాడారు, పట్నం డాక్టరు మందు వాడారు, ఉప్పు మాన్పించారు. వాపు తగ్గలేదు. చేతులు ఉబ్బి గాజులు కండలోకి దిగిపోతుంటే, ఒక్కొక్కటే చిట్లగొట్టి తీశారు. ముత్తైదువ చేతులు బోసిగా ఉండకూడదని, జోగిపేట నుంచి సాయానికి వచ్చిన ఆమె చెల్లెలు రెండు చేతులకీ పసుపుదారం కట్టింది. ఆ పిల్లే వండిపెట్టేది, అక్క పిల్లలిద్దరికీ తినిపించేది. సేటు దుకాణంలో గద్దె మీద కూర్చుని బట్ట కొలుస్తూ కొలుస్తూ ఆగిపోయేవాడు. చీర బేరానికొచ్చిన మనిషి ధోవతి కొనుక్కుని వెళ్ళినా ఆయనకు తెలిసేది కాదు.

ఒకరోజు నన్ను పక్కకు పిలిచాడు.

"మనం పట్నం పోవాలె. వజ్రాల కంకణం తేవాలె. లగ్గంనాడు మాటిచ్చిన. ఇయ్యాల రేపు అనుకుంట దాటేసిన. ఉత్త చేతులతోని పోనియ్యను దాన్ని."

"నేనెందుకు సేటూ?"

"ఇగో, కొలత ఇచ్చింది," అంటూ ముడి వేసిన పసుపుదారం చూపించాడు. "దారం బల్లమీద పెడితె దారమే. చేతికి పెడితె గద ఎట్ల కూసుంటదో ఎర్కయ్యేది. నీ చెయ్యేమో ఆడిపిల్ల చెయ్యి లెక్కున్నది. మీసం జెర దాసుకో, ఇగ ఫికరు లేదు."

ఆ దారం నా మణికట్టుకు పట్టుకుంటే ముడికి ముడి సరిపోయింది. సేటు ముఖంలోకి నెత్తురొచ్చింది.

"సూసినవా! వాపు దిగుతదని దానికే నమ్మకం కుదిరింది. మంచిగున్నప్పటి కొలతే ఇచ్చింది!"

మందు సీసా ఇచ్చి రావడానికి వెళ్ళినప్పుడు ఆమె చెయ్యి నేను చూశాను. ఆ దారం దాని చుట్టూ సగం కూడా రాదు. కానీ చాలా నెలల తర్వాత మనిషి నవ్వాడు. నేను నోరు మూసుకుని బస్సెక్కాను.

ఇప్పుడు పొగగొట్టాలు మొలిచిన పటాన్‌చెరు అప్పుడు చెరువూ దుమ్మూ. ఆ బస్సు అక్కడికి చేరేసరికి, సంగారెడ్డిలో గడ్డం గీయించుకుని ఎక్కినవాడికి మళ్ళీ మంగలి కావలసి వచ్చాడు. దారిపొడుగునా సేటు ఆ దారాన్ని తన వేలికి చుట్టడం, విప్పడం.

చార్‌కమాన్ దగ్గర ఒక ముసలి నగల వ్యాపారి తెల్ల పరుపు మీద కూర్చోబెట్టి పళ్ళెం ముందుకు జరిపాడు. జాగీర్లు పోయిన కాలం. నవాబుల దేవిడీల్లోని నగలన్నీ నడుచుకుంటూ ఆ వీధికే వచ్చాయి. ఆ పళ్ళెం మెరుపుకి ఎదురింటి కోడి తెల్లారిందనుకుని కూసింది.

సేటు ఒక కంకణం తీశాడు. "ఇది ఎవలది?"

"పెద్ద నవాబు బేగంసాబ్‌ది."

"ఆ తల్లి ఉన్నదా?"

వ్యాపారి గడ్డం నిమిరాడు. "గుజర్ గయే. పోయిన్రు."

సేటు దాన్ని పక్కన పెట్టాడు. ఇంకోటి తీశాడు. దాని మనిషీ లేదు. ఆ పళ్ళెంలో ఏది ముట్టుకున్నా అదే జవాబు. చివరికి వ్యాపారి లేచి, లోపలి పెట్టెలోంచి గుడ్డలో చుట్టినదొకటి తెచ్చాడు. చిన్న మర తిప్పితే రెండుగా తెరుచుకుంటుంది.

"ఇది కొత్తది సేట్ సాబ్. ఇంక ఎవ్వరి చెయ్యి సూడలే."

నా మణికట్టుకు బిగించి చిటికెన వేలు కిందికి దూర్చాడు. వేలు దూరాలి, తిరగకూడదట. చెయ్యి కిందికి వదిలితే ఎముక దగ్గర ఆగాలి, రవ్వలు పైనే ఉండాలి, కొంగు దారాలు రవ్వలకు తగులుకోకూడదు. సేటుకు అదీ చాలలేదు.

"జెర బియ్యం చెరుగు."

లేని చాటతో చెరిగాను. లేని జడ అల్లాను. లేని పిల్లను జోకొట్టాను. ఇంత మీసంతో రవ్వల కంకణం వేసుకుని నేను సంసారం చేస్తుంటే చార్మినార్ దాకా జనం నిలబడిపోయి టాంగాలు ఆగిపోయాయి.

"పండుకో," అన్నాడు సేటు. "అది పండుకునే ఉంటది గద. గుచ్చుకుంటదేమో సూడాలె."

పరుపు మీద వెల్లకిలా పడుకుని, కంకణం ఉన్న చెయ్యి గుండె మీద పెట్టుకున్నాను. తెల్ల పరుపు, కదలని మనిషి. వీధిలో నవ్వులు ఆగాయి. వ్యాపారి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. సేటు నన్ను చూస్తూ చూస్తూ ఒక్కసారిగా నా భుజం పట్టి లాగాడు.

"లే. లేవయ్యా, జల్దీ లే!"

మేం సేటు ఇంటికి వచ్చేసరికి ఆయన భార్యను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. చెల్లెలు గోడ దగ్గర నిలబడింది. మర ఎలా బిగించాలో నాకు తెలుసని సేటు నన్నూ గదిలోకి పిలిచాడు. మర తిప్పి, కంకణం తెరిచి, తానే ఆమె మణికట్టుకు పెట్టాడు. రెండు కొనలూ కలవలేదు. మధ్యలో పిడికిలి పట్టేంత సందు.

"ఏం గాదు," అన్నాడు. "వాపు దిగినంక..."

"అది నా కొలత గాదు," అంది ఆమె. "చెల్లె చేతి కొలత. మొన్న మాపటీలి అది అలిసి పండుకుంటె నేనే దారం సుట్టి తీసిన. నాకు వాపు దిగదు. పిల్లలు దాని చేతి బువ్వకే అలవాటైన్రు. నేను పోయినంక మీ పెద్దోళ్ళు దాన్నే అడుగుతరు. అప్పుడెందుకు? నా కండ్ల ముంగటనే పెట్టుండ్రి."

సేటు కంకణం ఆమె చేతి మీంచి తీశాడు.

"చెల్లే, ఇటు రా," అని పిలిచింది ఆమె.

ఆ పిల్ల వచ్చి చెయ్యి చాపింది. కంకణం పోతపోసినట్టు కూర్చుంది. ఆమె చూసి, "జెర గూడ జారలే," అని నవ్వింది. ఆ వారంలోనే పోయింది.

ఇప్పుడు ఒప్పుకోవాలి. బస్సు సంగతి, కోడి సంగతి, టాంగాల సంగతి పెంచినవే గానీ వాటికి మొదళ్ళున్నాయి. మొదలే లేనిది ఆ చాపిన చెయ్యి.

ఆ పిల్ల రాలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గోడకు అతుక్కుపోయింది. ఆమె మళ్ళీ పిలిచింది. "నా చెయ్యి నాకుండనియ్యక్కా," అని ఏడ్చింది ఆ పిల్ల. ఆమె నవ్వలేదు. ఇంకేమీ అడగకుండా కళ్ళు మూసుకుంది. ఆ వారంలోనే పోవడం మాత్రం నిజం. ఉత్త చేతులతోనే పోయింది.

ఏడాది తిరగకముందే పెద్దలు ఆ పిల్లను సేటుకే ఇచ్చి చేశారు. ఈసారి ఎవరూ అడగలేదు. పిల్లల్ని బాగానే పెంచింది. నేను ఆ దుకాణంలో ఉన్నన్నాళ్ళూ ఆమె చేతులకు మట్టిగాజులే చూశాను. కంకణం ఇనప్పెట్టెలోనే ఉండిపోయింది. అది వేసుకున్న చెయ్యి ఇప్పటికీ నాదొక్కటే. ఇప్పుడు నాకూ పట్టదు.